ఫలం ఎవరిది, భారం ఎవరిది: కైట్‌సర్ఫింగ్ పండగ, సత్రయాగ న్యాయం

కైట్‌సర్ఫింగ్ ఒంటరి ఆటలా కనబడుతుంది గాని ఒంటరిగా మొదలుపెట్టడం కష్టం. నీటి మీద మనిషి ఒక్కడే ఉంటాడు. కాళ్ళ కింద బోర్డు, నడుముకి హార్నెస్, చేతిలో బార్, ఇరవై పాతిక మీటర్ల తాళ్ళ చివర గాలి నింపిన పెద్ద గాలిపటం. ఆ గాలిపటం ఒడ్డు మీంచి క్షేమంగా పైకి లేవాలంటే రెండో మనిషి ఉండాలి. అతను దాని అంచు పట్టుకుని నిలబడతాడు. తాళ్ళు చిక్కుపడలేదని ఇద్దరూ చూసుకున్నాక, ఆటగాడు బొటనవేలు ఎత్తి సైగ చేస్తే వదులుతాడు. దిగేటప్పుడు గాలిపటాన్ని పట్టుకునేది కూడా ఇలాంటి మనిషే. చాలాసార్లు అతను ముక్కూ మొహం తెలియనివాడు. డబ్బు అడగడు, ఎవరూ ఇవ్వరు. తన వంతు వచ్చినప్పుడు ఇంకెవరో పట్టుకుంటారు. అయితే ఒక తాడు బార్‌కి చుట్టుకుని ఉండగా అతను తొందరపడి వదిలేశాడంటే, గాలిపటం గిరికీ కొట్టి ఆటగాణ్ణి రాళ్ళ మీదికో గోడ మీదికో ఈడ్చుకుపోతుంది. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. కూలి లేని పని, ప్రాణం మీది బాధ్యత: స్వచ్ఛందంగా నడిచే కైట్‌సర్ఫింగ్ పండగ లేవనెత్తే తాత్విక ప్రశ్న ఈ చిన్న పనిలోనే ఉంది. డబ్బు చేతులు మారని చోట పని ఫలం ఎవరికి చెందుతుంది? తప్పు జరిగితే దాని భారం ఎవరు మొయ్యాలి?

భారతీయ తత్వశాస్త్రంలో ఇది చాలా పాత ప్రశ్న. దీని మీద అందరికన్నా ఎక్కువ తలబద్దలు కొట్టుకున్నవాళ్ళు పూర్వమీమాంసకులు. యజ్ఞంలో ఎవరు ఏ పని చెయ్యాలి, ఎవరికి ఏం ముట్టాలి, మధ్యలో ఒకడు లేచిపోతే మిగిలినవాళ్ళ గతేమిటి అన్న సంగతుల మీద జైమిని సూత్రాలు, శబరస్వామి భాష్యం న్యాయస్థానంలో వాదించినంత పట్టుదలగా వాదించి తేల్చాయి. యజ్ఞాలు అరుదైపోయినా ఆ వాదాలకి పదును తగ్గలేదు. నలుగురు కలిసి జీతం లేకుండా ఒక పెద్ద పని తలకెత్తుకున్నప్పుడల్లా అవి పనికొస్తాయి.

పండగకి ఒక చోటు కావాలి కనుక అమెరికాలోని హుడ్ రివర్‌ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఒరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్‌కి సుమారు 100 కిలోమీటర్ల తూర్పున ఉన్న చిన్న ఊరు అది. పోర్ట్‌లాండ్ పక్కనున్న హిల్స్‌బరో చిప్ కర్మాగారాల్లో పనిచేసే తెలుగు కుటుంబాలకి వేసవి శనివారం పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరం. అక్కడ కొలంబియా నది కాస్కేడ్ పర్వతాలను కోసుకుంటూ 130 కిలోమీటర్ల పొడవున లోయ చేసింది. కొన్నిచోట్ల ఆ లోయ 1,200 మీటర్ల లోతు ఉంటుంది. ఎండాకాలంలో లోయకి తూర్పున ఉన్న పొడినేల కాగిపోయి అక్కడ వాయుపీడనం పడిపోతుంది. పడమట పసిఫిక్ తీరం చల్లగా ఉండి పీడనం నిలిచే ఉంటుంది. రెంటి మధ్యా గాలికి దొరికే దారి ఈ ఇరుకు లోయ ఒక్కటే కనుక అది పడమటి నుంచి తూర్పుకి ఉరుకుతుంది. నది తూర్పు నుంచి పడమటికి పారుతుంది. గాలి ఒకవైపు తోసుకుపోయిన ఆటగాణ్ణి ప్రవాహం వెనక్కి తెస్తుంది. ఇలాంటి పొందిక దొరకడం అరుదు. 1980ల్లో విండ్‌సర్ఫర్లు ఇక్కడికి వచ్చి పడ్డారు, ఆ తర్వాత కైట్ల వాళ్ళు వచ్చారు. 2006 నవంబరు వానలకి హుడ్ పర్వతం మీంచి కొట్టుకొచ్చిన బురద, రాళ్ళు, ఇసుక హుడ్ నది కొలంబియాలో కలిసే చోట పెద్ద దిబ్బగా మేట వేశాయి. కైట్లు లేపడానికి ఆ ఊళ్ళో అంతకన్నా అనువైన చోటు లేదు. దాన్ని ఎవరూ కట్టలేదు, ఎవరూ కొనలేదు.

ఆట వయసు కూడా ఎక్కువేమీ కాదు. ఫ్రాన్స్‌లోని బ్రెటన్ తీరానికి చెందిన బ్రూనో, డొమినిక్ లెగెన్యూ అనే అన్నదమ్ములు నీళ్ళలో పడినా మళ్ళీ పైకి లేవగల గాలిపటానికి 1984లో పేటెంట్ కోరారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఇది పతకాల ఆట అయింది. ఆ పోటీలు మార్సెయ్ తీరంలో జరిగాయి. పాత జాతరకి ధర్మకర్తలు ఉంటారు, వంశపారంపర్యంగా వచ్చే మిరాశీలు ఉంటాయి, ఏ పని ఏ ఇంటివాళ్ళదో ఊరందరికీ తెలిసి ఉంటుంది. నలభై ఏళ్ళ ఆటకి అవేమీ లేవు. పండగ చెయ్యాలంటే ఆడేవాళ్ళే అన్నీ నెత్తినేసుకోవాలి.

చెయ్యాల్సిన పనుల జాబితా పైకి మామూలుగానే ఉంటుంది. నీటి మీద పోటీ ఏదైనా పెట్టాలంటే, అది అనుమతి కావలసిన తరహాదైతే, అమెరికా తీరరక్షక దళానికి కొత్త కార్యక్రమమైతే కనీసం 135 రోజుల ముందు దరఖాస్తు చెయ్యాలి. ఏటా అదే చోట జరిగేదైతే 60 రోజులు చాలు. ఒడ్డు ఎవరి అధీనంలో ఉందో వాళ్ళ అనుమతి వేరే. బీమా, ప్రథమచికిత్స, మరుగుదొడ్లు, పార్కింగ్, తిండి సంగతులు ఏ పండగకైనా ఉండేవే. ఈ పండగకి ప్రత్యేకమైనవి మూడు. కైట్లు లేపే చోటునీ జనం నిలబడే చోటునీ వేరు చేసి, మధ్యలో తాళ్ళ పొడవుకి రెట్టింపు ఖాళీ ఉంచడం ఒకటి. నీళ్ళలో తిరిగే రెస్క్యూ బోటు రెండోది. ఈ రోజు ఆడొచ్చు, ఆడకూడదు అని తేల్చి చెప్పే మనిషి మూడో అవసరం. గాలి వేగం రెట్టింపయితే దాని తోపుడు నాలుగింతలవుతుంది. 15 నాట్ల గాలిలో ఆడుకుంటున్న కుర్రవాడు 30 నాట్ల విసురు తగిలితే ఏమవుతాడో ఈ లెక్కే చెబుతుంది. కాబట్టి ఈ మూడు పనుల్లో ఏ ఒక్కటీ "వీలైతే చూద్దాం" అనుకునే రకం కాదు. వాటికి నిలబడేవాళ్ళు మాత్రం శనివారం సెలవు పెట్టుకుని వచ్చిన వడ్రంగులు, నర్సులు, బడిపంతుళ్ళు.

మీమాంస ఇక్కడ పనికొస్తుంది. మామూలు సోమయాగంలో యజమాని ఒకడు, ఋత్విక్కులు పదహారుగురు. యజమాని దక్షిణ ఇస్తాడు, ఋత్విక్కులు పని చేస్తారు, ఫలం యజమానిది. ఈ దక్షిణ ఏమిటన్నది మీమాంసకులు నిర్మొహమాటంగా చెప్పారు. అది భక్తితో ఇచ్చే కానుకా కాదు, పుణ్యం కోసం చేసే దానమూ కాదు. పరిక్రయం, అంటే పని చేయించుకోవడానికి చెల్లించే మూల్యం. అందుకే ఋత్విక్కు పని ముగించి దక్షిణ పుచ్చుకున్నాక ఆ యాగ ఫలంతో అతనికి సంబంధం ఉండదు. లెక్క తీరిపోయింది. జీతానికి పనిచేసే ఏ ఉద్యోగి పరిస్థితైనా ఇంతే. జీతం అతనికి కొంత ఇస్తుంది, కొంత నుంచి విడుదల కూడా చేస్తుంది. ఆ రెండో సంగతి సాధారణంగా ఎవరికీ తట్టదు.

సత్రయాగం లెక్క వేరు. పన్నెండు రోజులు మొదలు ఏళ్ళ తరబడి సాగే యాగాలివి. శౌనకాదులు నైమిశారణ్యంలో పన్నెండేళ్ళ సత్రంలో ఉండగా సూతుడు వచ్చి భారతకథ చెప్పాడన్నది తెలుగు పాఠకులకి నన్నయ ద్వారా తెలిసిన సంగతే. సత్రంలో పదిహేడు నుంచి ఇరవైనలుగురు దాకా కలిసి కూర్చుంటారు. అందరూ యజమానులే, ఋత్విక్కుల పనులన్నీ వాళ్ళే పంచుకుంటారు. ఒకడు గృహపతి పేరుతో ముందు నిలబడతాడు గాని అతనూ మిగతావాళ్ళలాంటి యజమానే. ఇందులో దక్షిణ లేదు. తన పని తాను చేసుకునేవాడికి ఎవరు మూల్యం చెల్లిస్తారు? మరి ఫలం? ఇరవైమంది చేసిన యాగానికి ఒక్కొక్కరికి ఇరవయ్యో వంతు వస్తుందా అన్న ప్రశ్న జైమిని ఆరో అధ్యాయంలో వస్తుంది. సిద్ధాంతం: ప్రతి ఒక్కరికీ పూర్తి ఫలం. ఫలం కోరి పూనుకున్నవాడు ప్రతి ఒక్కడూ కర్తే కనుక ఎవరి ఫలమూ ఇంకొకరి వల్ల తరగదు.

స్వచ్ఛంద పండగని దీనితో పోల్చి చూస్తే మొదటి సగం సులభంగా అతుకుతుంది. పండగ బాగా జరిగితే తృప్తి నలభైమంది వలంటీర్లకి నలభై ముక్కలుగా పంచబడదు. ఒడ్డున కైట్ పట్టుకున్నవాడికీ, రేసు గెలిచినవాడికీ, చెత్త ఏరినవాడికీ "ఇది మా పండగ" అనుకునే హక్కు నిండుగానే ఉంటుంది. హుడ్ రివర్‌లో క్యాన్సర్ బాధితుల కోసం కైట్‌బోర్డింగ్ ద్వారా విరాళాలు సేకరించే సంప్రదాయం ఉంది. అలాంటి చోట ఆ హక్కు ఇంకా బరువుగా ఉంటుంది. ఇబ్బంది పెట్టేది రెండో సగం. ఫలం విభజన కానప్పుడు దోషం మాత్రం విభజన ఎందుకవ్వాలి? మీమాంసకులు ఈ న్యాయాన్ని ఫలం విషయంలోనే చెప్పారు. దోషానికి దాన్ని పొడిగించడం ఈ వ్యాసం చేస్తున్న సాహసం. అయినా తర్కం ఆ వైపే లాగుతుంది. పండగ తనదని పూర్తిగా అనుకున్నవాడు, ప్రమాదం జరిగిన రోజున తన వాటా నలభయ్యో వంతేనని అనలేడు. ఎంతమంది ఉంటే బాధ్యత అంత పలచబడుతుందన్న లెక్క జీతగాళ్ళ కంపెనీలో చెల్లుతుందేమో గాని సత్రంలో చెల్లదు. జీతం లేని మనిషి బాధ్యత తేలిక అని లోకం అనుకుంటుంది. దక్షిణ తీసుకుని తప్పుకునే దారి అతనికి లేదు కనుక అతని బాధ్యతే బరువు.

చట్టం సరిగ్గా దీనికి ఎదురు దారిలో నడుస్తుంది, అందుకు దాని కారణాలు దానికున్నాయి. అమెరికా 1997లో చేసిన వలంటీర్ల రక్షణ చట్టం ప్రకారం, లాభాపేక్ష లేని సంస్థ తరఫున జీతం లేకుండా పనిచేసేవాడు మామూలు అజాగ్రత్త వల్ల జరిగిన నష్టానికి స్వయంగా పూచీ పడనక్కరలేదు. ఘోరమైన నిర్లక్ష్యం, కావాలని చేసిన హాని దీని కిందికి రావు. సంస్థకి ఈ రక్షణ లేదు. రాష్ట్రం లైసెన్సో బీమానో తప్పనిసరి చేసిన వాహనాన్నిగాని పడవనిగాని నడుపుతూ చేసిన నష్టానికీ లేదు. అంటే పండగలో అందరికన్నా పెద్ద సేవ చేసే రెస్క్యూ బోటు మనిషే ఒక్కోసారి ఆ గొడుగు బయట నిలబడాల్సి రావచ్చు. ఖర్చుల కింద ఇచ్చేది కాక, జీతానికి బదులుగా ఏడాదికి 500 డాలర్లకి మించి ఏ రూపంలో పుచ్చుకున్నా ఆ మనిషి చట్టం దృష్టిలో వలంటీరు కాడు. దక్షిణ ఎంత దాటితే దక్షిణ అవుతుందో అంకె వేసి చెప్పిన చట్టం ఇది. మీమాంసకులు చూస్తే ముచ్చటపడేవారు.

ఆటగాళ్ళ చేత సంతకం పెట్టించే హామీపత్రాల సంగతి ఇంకొకటి. ఏం జరిగినా నిర్వాహకుల మీద దావా వెయ్యనని రాయించుకోవడం సాహసక్రీడల్లో రివాజు. 2014లో ఒరెగాన్ సుప్రీంకోర్టు ఒక మంచు క్రీడల కేంద్రం కేసులో అలాంటి పత్రం చెల్లదని చెప్పింది. నిర్వాహకుడి చేతిలో ఉన్న జాగ్రత్తని, బేరమాడే వీల్లేని మామూలు మనిషి ముందే వదులుకునేలా చెయ్యడం అన్యాయమని దాని సారాంశం. ఆ కేసు వ్యాపార సంస్థది. స్వచ్ఛంద పండగకి అంతే గట్టిగా వర్తిస్తుందా అన్నది వకీళ్ళు తేల్చుకోవలసిన విషయం. నీతి వైపు నుంచి మాత్రం సందేహం అక్కరలేదు. ఆటగాడు ఒప్పుకోగలిగింది గాలి వల్ల, నీటి వల్ల, తన సొంత తప్పు వల్ల వచ్చే ప్రమాదాన్ని. గాలిపటం పట్టుకున్నవాడు తాళ్ళు చూడకపోవడాన్ని అతను ఎప్పుడూ ఒప్పుకోలేదు.

మధ్యలో మానేసేవాళ్ళ సమస్య ప్రతి స్వచ్ఛంద కార్యక్రమానికీ తెలుసు. సభలో చెయ్యెత్తినవాళ్ళలో పండగనాడు వచ్చేవాళ్ళు ఎప్పుడూ తక్కువే. జీతం ఇవ్వనప్పుడు నిలదీసే హక్కు లేదని నిర్వాహకులు ఊరుకుంటారు. సత్రయాగం ఊరుకోలేదు. సత్రం చేస్తానని సంకల్పించి వెనక్కి తగ్గినవాడు విశ్వజిత్ యాగం చెయ్యాలి. అందులో తన సర్వస్వం దక్షిణగా ఇచ్చెయ్యాలి. ఇది భయంకరమైన శిక్షలా కనిపిస్తుంది. దాని వెనకున్న ఆలోచన సూటిగా ఉంది: ఇరవైమంది తన మాట నమ్మి దీక్షపట్టారు, ఆ నమ్మకం విలువ అతని ఆస్తి మొత్తం. మానేసిన వలంటీరుని ఇల్లు అమ్ముకోమని ఎవరూ అనరు. రెస్క్యూ బోటు నడుపుతానన్నవాడు పొద్దున్న ఫోన్ ఎత్తకపోతే పండగే ఆగాలన్న నియమం మాత్రం ఉండి తీరాలి. అప్పుడు మాటకి ఖరీదు ఎంతో అందరికీ కళ్ళెదుట కనిపిస్తుంది.

చచ్చిపోయినవాడి స్థానంలో, రాలేకపోయినవాడి స్థానంలో ఇంకొకణ్ణి కూర్చోబెట్టవచ్చా అన్నదీ చర్చకి వచ్చింది. ఒకే యజమాని ఉన్న యాగంలో యజమానికి ప్రతినిధి ఉండడు. సత్రంలో సంఖ్య తగ్గితే కర్మ చెడుతుంది కనుక ప్రతినిధిని తెచ్చుకోవచ్చు. అయితే అతను యజమాని కాడు. పని చేస్తాడు గాని ఫలం అతనిది కాదు. ఈ తీర్పు కాస్త కరుకుగా వినబడుతుంది గాని, ఆఖరి నిమిషంలో పట్టుకొచ్చిన వలంటీరు విషయంలో దీనికో మంచి ఉపయోగం ఉంది. ఏ సమావేశానికీ రాని, నియమాలు చదవని మనిషికి పసుపు చొక్కా తొడిగి గాలిపటాలు లేపే చోట నిలబెట్టినంత మాత్రాన అతను పూర్తి బాధ్యుడైపోడు. అతని తప్పు అతన్ని నిలబెట్టినవాళ్ళ మీదికి వస్తుంది.

సత్రంలో కలిసి కూర్చోవాలంటే అందరిదీ ఒకే కల్పం, అంటే ఒకే కర్మ పద్ధతి, అయి ఉండాలన్న నియమం కూడా ఆరో అధ్యాయంలోనే ఉంది. కొన్ని ఆహుతుల విషయంలో వేర్వేరు గోత్రాల పద్ధతులు వేరు. ఒక పద్ధతివాళ్ళు, ఇంకో పద్ధతివాళ్ళు కలిస్తే ఎవరో ఒకరి కర్మ లోపభూయిష్టమవుతుంది. నీటి మీద ఇదే అవసరం మరింత తొందరగా తెలుస్తుంది. ఎదురెదురుగా వచ్చే ఇద్దరిలో కుడిచెయ్యి ముందున్నవాడికి దారి ఇవ్వాలి. దాటుకునేటప్పుడు గాలి వచ్చే వైపున్నవాడు గాలిపటం ఎత్తుగా, రెండోవాడు కిందికి ఉంచాలి. ఈ నియమం ఒక దేశంలో నేర్చుకున్నవాడికీ ఇంకో దేశంలో నేర్చుకున్నవాడికీ ఒకటే కాబట్టి భాష తెలియనివాళ్ళు కూడా ఒకే నీటి మీద ఆడగలుగుతున్నారు.

సత్రానికి ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని దాటవెయ్యడం కుదరదు. సమానత్వం ఇంత నిక్కచ్చిగా పాటించిన ఆ కూటమిలోకి బ్రాహ్మణులకే ప్రవేశం. ఋత్విక్కు పని చెయ్యగలిగినవాడే సత్రంలో యజమాని కాగలడు, ఋత్విక్కు పని వాళ్ళకే ఉంది, కాబట్టి మిగతావాళ్ళు బయట. లోపలివాళ్ళ మధ్య సంపూర్ణ సమానత, గీత బయట పూర్తి నిశ్శబ్దం. స్వచ్ఛంద సంఘాలన్నిటికీ ఈ జబ్బు ఎంతో కొంత ఉంటుంది. "మనందరి పండగ" అన్నప్పుడు ఆ "మనం"లో లేనివాళ్ళు ఎవరో తేల్చకుండా ఫలం గురించి ఎంత మాట్లాడినా సగం మాటే.

మహాభారతం ఈ లోపాన్ని మొదట్లోనే పట్టుకుంది. జనమేజయుడు తమ్ముళ్ళతో కురుక్షేత్రంలో దీర్ఘసత్రం చేస్తుండగా దేవశుని సరమ కొడుకైన కుక్కపిల్ల అటు వస్తుంది. హవిస్సు ముట్టలేదు, ఏ తప్పూ చెయ్యలేదు. రాజు తమ్ముళ్ళు దాన్ని కొట్టి తరిమేస్తారు. సరమ వచ్చి నిలదీస్తుంది. చేసిన తప్పేమిటో చెప్పమంటుంది. జవాబు రాకపోయేసరికి అనుకోని భయం వచ్చి పడుతుందని హెచ్చరించి పోతుంది. నన్నయ ఈ కథని ఎంత బిగువుగా చెప్పాడంటే, అది తరతరాల తెలుగు పిల్లలకి పాఠమైంది. కథలో గమనించవలసింది ఒకటుంది. సత్రం చేసేవాళ్ళకి తమ కర్మలో లోపం ఏమీ కనబడలేదు. మంత్రాలు సరిగ్గానే ఉన్నాయి, దీక్ష సరిగ్గానే ఉంది. దోషం వచ్చింది గీత బయటున్న ప్రాణి దగ్గర.

హుడ్ రివర్ నీళ్ళలో గీత బయట ఉన్నవాళ్ళు ఎవరు? జనం తిరిగే నది ఒడ్డు కనుక ఈతగాళ్ళు, పడవలవాళ్ళు, గూళ్ళు కట్టుకునే పక్షులు ఉండనే ఉన్నాయి. అన్నిటికన్నా లోతైన సంగతి చేపలు పట్టే మూలవాసులది. 1855లో వాలా వాలా సభలో యాకమా, ఉమటిల్లా, నెజ్ పెర్స్ తెగలు, అదే నెలలో వార్మ్ స్ప్రింగ్స్ తెగలు అమెరికా ప్రభుత్వంతో ఒడంబడికలు చేసుకున్నాయి. భూమి చాలామటుకు వదులుకున్నారు గాని, తాతముత్తాతల నాటి నుంచి పట్టే చోట్లలో చేపలు పట్టుకునే హక్కు అట్టేపెట్టుకున్నారు. 1905లో వైనన్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన మాట ఈ ప్రశ్నకి గుండెకాయ: ఆ ఒడంబడిక ప్రభుత్వం తెగలకి ఇచ్చిన వరం కాదు, తెగలు ప్రభుత్వానికి ఇచ్చినది. ఇవ్వనిదంతా వాళ్ళ దగ్గరే మిగిలింది. 1957 మార్చిలో ద డాలెస్ ఆనకట్ట గేట్లు మూసినప్పుడు కొన్ని వేల ఏళ్ళుగా చేపలు పట్టిన సెలైలో జలపాతం కొన్ని గంటల్లో మునిగిపోయింది. హక్కు మునగలేదు. బొనవిల్ ఆనకట్ట నుంచి మెక్‌నేరీ ఆనకట్ట దాకా సుమారు 235 కిలోమీటర్ల నదిలో తెగలవాళ్ళు ఇప్పటికీ వలలు వేస్తారు. హుడ్ రివర్ ఆ భాగంలోనే ఉంది. వేసవి చివర్లో గాలి బాగా వీచే రోజుల్లోనే సాల్మన్ ఎగువకి ఈదుతుంది, వలలూ అప్పుడే పడతాయి.

ఆ తెగలకి చేప వట్టి ఆహారం కాదు. మనుషులు పుట్టబోతున్నప్పుడు వాళ్ళకి తిండిగా తన శరీరం ఇస్తానని మొదట ముందుకొచ్చింది సాల్మన్ అనీ, దానికి ఇల్లుగా తాను ఉంటానని నీరు మాట ఇచ్చిందనీ వాళ్ళు చెబుతారు. బదులుగా మాట్లాడలేని వాటి తరఫున మాట్లాడడం మనుషుల వంతు. సెలైలో గ్రామంలో ఇప్పటికీ వసంతంలో తొలి సాల్మన్ విందు జరుగుతుంది. భోజనం ముందు గుక్కెడు నీళ్ళు, చివర గుక్కెడు నీళ్ళు తాగుతారు. పుట్టుకతోనే మనిషి దేవతలకీ ఋషులకీ పితరులకీ ఋణపడి ఉంటాడన్న వైదిక భావనకి ఇది చాలా దగ్గర. తేడా ఏమిటంటే ఇక్కడ ఋణదాత కళ్ళెదుట ఈదుతూ ఉంటుంది.

గాలి, పారే నీరు, సముద్రం, తీరం ప్రకృతిసిద్ధంగా అందరివీ అని 533లో వెలువడ్డ రోమన్ చక్రవర్తి జస్టీనియన్ ధర్మశాస్త్రం చెప్పింది. భారత సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో కమల్‌నాథ్ కేసు తీర్పులో బియాస్ నది గురించి చెబుతూ, ఇలాంటి వనరులకి ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనన్న సూత్రాన్ని మన చట్టంలోకి తెచ్చింది. కైట్‌సర్ఫర్లకి ఈ సూత్రం బాగా నచ్చుతుంది. అందరిదీ కనుక మాదీ అంటారు. ఆ మాట తప్పు కాదు గాని పూర్తి కాదు. ఒకే నీటిలో ఒకరు ఆనందం వెతుకుతున్నారు, ఒకరు తమ పూర్వులు వదులుకోని దాన్ని వాడుకుంటున్నారు. ఈ రెండూ ఒకే తక్కెడలో తూగవు. కాబట్టి పండగ తేదీ వేసేముందు వలలు పడే రోజులు ఏవో తెగల మత్స్యశాఖల దగ్గర కనుక్కోవడం మర్యాద కింద చేసే పని అనిపించినా, నిజానికి అది సంకల్పంలో భాగం. వల మీదుగా పోయిన బోర్డు తెగ్గొట్టేది ఒక కుటుంబం ఆ సీజన్ సంపాదనని. దాన్ని "అనుకోకుండా జరిగింది" అని వదిలేస్తే, రాజు తమ్ముళ్ళు కూడా సరమకి జవాబు చెప్పలేదని గుర్తుచేసుకోవాలి.

వలంటీరు నిజంగా ఏమీ ఆశించడా అన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మౌస్ 1925లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, ఉచితమనిపించే ప్రతి కానుక వెనకా తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఉంటుందని వాదించాడు. అందుకు ఉదాహరణలు ఆయన పసిఫిక్ తీరపు తెగల విందుల నుంచీ, భారతీయ దానధర్మాల నుంచీ కూడా తెచ్చుకున్నాడు. చొక్కా మీద పేరు, నిర్వాహకులతో స్నేహం, వచ్చే ఏడు ముందు వరసలో చోటు: వీటిని దక్షిణ అనకపోతే ఇంకేమనాలి? తిరుమలలో కండువా వేసుకుని శ్రీవారి సేవ చేసేవాళ్ళకి దర్శనం దొరుకుతుంది. దానివల్ల వాళ్ళ సేవ కల్తీ అయిందని ఎవరూ అనుకోరు. భగవద్గీత మూడో అధ్యాయం లోకసంగ్రహం కోసం పని చెయ్యమన్నప్పుడు ఆనందం రాకూడదని చెప్పలేదు, ఆసక్తి పనిని శాసించకూడదని చెప్పింది. పేరు కోసం వచ్చినవాడు కూడా తాళ్ళు జాగ్రత్తగా చూస్తే చాలు. పేరు రాని పని, అంటే గాలిపటాలకి దూరంగా రోడ్డు దగ్గర నిలబడి కార్లు ఆపడం, చెయ్యడానికి ఎవరూ లేనప్పుడే ఈ అనుమానానికి బలం వస్తుంది.

ఇక గాలి. గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా అయిదు కారణాలు చెబుతుంది: చోటు, కర్త, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, అయిదోది దైవం. మొదటి నాలుగూ 135 రోజుల ముందు నుంచి పోగుచేసుకోవచ్చు. అయిదోదానికి దరఖాస్తు లేదు. గాలి 12 నాట్లకి తగ్గితే మామూలు బోర్డులు కదలవు, మరీ పెరిగితే అనుభవం లేనివాళ్ళని నీళ్ళలోకి పంపకూడదు. మార్సెయ్‌లో ఒలింపిక్ రేసులు కూడా గాలి చాలక వాయిదాలు పడ్డాయి. వచ్చిన జనం, డబ్బిచ్చిన దాతలు, ఏడాది కష్టం అన్నీ "కానివ్వండి" అని తొందరపెట్టే సమయంలో ఆపమని చెప్పడం తేలిక కాదు. జనమేజయుడి రెండో సత్రం, సర్పయాగం, సగంలో ఆగింది. ఆపమన్నది బయటినుంచి వచ్చిన కుర్రవాడు ఆస్తీకుడు. వరం ఇస్తానని అతనికి మాట ఇచ్చాడు కనుక రాజుకి ఆపక తప్పలేదు. పండగలో ఆపే అధికారం రేసులో దిగని, దాతలకి జవాబు చెప్పనక్కరలేని మనిషికి ఇవ్వడం మంచిదనడానికి ఇంతకన్నా పాత ఆధారం దొరకదు. ఆ మనిషి మాట అన్నాక చర్చ ఉండకూడదు.

ఆపేస్తే ఏడాది పని వృథాయేనా? దీనికీ మీమాంసలో సమాధానం ఉంది, అది సంకల్పాన్ని బట్టి మారుతుంది. ఒక కోరికతో చేసే కామ్యకర్మలో ఒక్క అంగం లోపించినా ఫలం రాదు. విధిగా చెయ్యాల్సిన నిత్యకర్మని యథాశక్తి చేసినా చేసినట్టే. విజేతని తేల్చడానికే పండగ పెట్టుకుంటే గాలి లేని ఏడు అది జరగనట్టే. ఒక ఊరి ఆటగాళ్ళు ఏడాదికోసారి కలవడం, కొత్తవాళ్ళకి ఇసుక మీద చిన్న గాలిపటాలతో బార్ పట్టడం నేర్పడం, దిబ్బ శుభ్రం చెయ్యడం, చేపలు పట్టేవాళ్ళతో కూర్చుని వచ్చే ఏటి తేదీలు మాట్లాడుకోవడం ప్రధానమనుకుంటే రేసు ఒక అంగం మాత్రమే, దాన్ని వదిలెయ్యొచ్చు. రెస్క్యూ బోటునీ, తాళ్ళు చూసే మనిషినీ అలా వదలడానికి లేదు. నీళ్ళలోకి ఎవరైనా దిగే రోజున అవి ఉండాలి, ఎవరూ దిగని రోజున వాటి అవసరమే ఉండదు. ఈ విభజన ముందే, అనుమతి పత్రం మీద సంతకం పెట్టేనాడే రాసుకోవాలి. గాలి పడిపోయిన పొద్దున ఒడ్డున నిలబడి రాసుకుంటే, ఏది ప్రధానమో ఏది అంగమో తేల్చేది ఆ రోజు గట్టిగా అరిచినవాడే అవుతాడు.